మెడ మీద పసుపు మచ్చ

ఆ కెమెరాల కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె భూతద్దం. ఎదురుగా అనరు గానీ ఆమెకు తెలుసు. తెలిసి కోపం తెచ్చుకోకపోగా లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. నలభై ఎనిమిదేళ్లంటే, సూదిలో దారం ఎక్కించడానికి తోటివాళ్లంతా కిటికీ దగ్గరికి నడిచే వయసు. ఆ వయసులో వెంట్రుక మందంలో పదో వంతు తేడాను పట్టుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఆమె పని అర్థం కావాలంటే ఆ కెమెరా గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. మామూలు కెమెరాకు వెలుతురు ఎంత పడిందో తెలుసు గానీ, ఏ వైపు నుంచి వచ్చి పడిందో తెలియదు. ఈ కెమెరాలో సెన్సరు ముందు బొటనవేలి గోరంత గాజు పలక ఒకటి ఉంటుంది. దాని మీద నలభై వేల లెన్సులు, గసగసాలకంటే సన్నవి. ఒక్కోటీ తన వాటా వెలుతురు ఎటునుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఫొటో తీసేశాక కూడా ముక్కు స్పష్టంగా కనబడాలా, చెవి కనబడాలా అన్నది తీరిగ్గా తేల్చుకోవచ్చు. ముక్కు చెవికంటే ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు ఉందో కూడా అది చెప్పేస్తుంది. ఆ పలకను సెన్సరు మీద అమర్చి, నాలుగు మూలలా మరలు బిగించి, జిగురు చుక్కలు పెట్టి ఆరబెట్టడం ఆమె పని. ఒక్క మూల పిసరంత లేచిందంటే నలభై వేల లెన్సులూ కూడబలుక్కుని అబద్ధం చెబుతాయి.

వాళ్లు తయారుచేస్తున్న కెమెరా ఆసుపత్రుల కోసం. పుండునో వాపునో ముట్టుకోకుండా, అది ఎంత లేచిందో ఎంత తగ్గిందో కొలవడానికి. ఆ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కొన్నాళ్లకు అక్కడ పనిచేసేవాళ్లే దాన్ని మరిచిపోయారు.

గోడలనూ డబ్బాలనూ కెమెరా భేషుగ్గా కొలిచేది. చిక్కల్లా చర్మంతోనే. చర్మం మెరుస్తుంది, వెలుతురును కాస్త మింగుతుంది, అంచుల దగ్గర బొమ్మ మసకబారుతుంది. ఆ మసకను వదిలించే ప్రోగ్రాములు రాయడానికి ఒక లెక్కలాయన ఉండేవాడు. నలభై దాటిన మనిషి. ప్రపంచంలో ఏ తప్పునైనా కుర్చీలోంచి లేవకుండా దిద్దవచ్చని ఆయన గట్టి నమ్మకం. రోజూ ఒకే మనిషిని ఒకే చోట కూర్చోబెట్టి ఫొటో తీస్తే తప్ప తన ప్రోగ్రాము బాగుపడుతోందో చెడుతోందో తెలియదని ఆయన పట్టుబట్టాడు. ఆ మనిషి రాయిలా కదలకుండా కూర్చోవాలి. అలాంటివాడు మా ఇంట్లో ఉన్నాడంటూ ఆమె తన అన్నయ్యను వెంటబెట్టుకొచ్చింది.

అన్నయ్య ముప్ఫై ఒక్క ఏళ్లు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుని రిటైరయ్యాడు. కదలకుండా కూర్చోవడమే తన చదువూ ఉద్యోగమూ అనేవాడు. ఆయన గొంతు మాత్రం ఒకచోట కూర్చునే రకం కాదు. మైకు పాడైన రోజున కూడా చివరి బస్సు దాకా వినబడేదట. ఆమెకు పెళ్లి కుదరలేదు, ఆయనకు కుదిరింది గానీ నిలవలేదు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా రెండు గదుల వాటాలో పోట్లాడుకుంటూ హాయిగా ఉన్నారు. ఎదుటివాళ్లను ఏదో ఒక మాట అననిదే ఆయనకు ముద్ద దిగదు, తిరిగి అననిదే ఆమెకు పొద్దు పోదు.

పొద్దున్నే కెమెరాకు ముందు తెల్లటి పాలగాజును చూపించి, లెన్సులన్నీ తమ తమ చోట్లలో ఉన్నాయో లేదో సరిచూసేవాళ్లు. ఆ తర్వాత అన్నయ్య వంతు. చొక్కా పై గుండీలు రెండూ విప్పి, గడ్డం కింద ఒక కర్ర ఆనించుకుని కూర్చునేవాడు. నలభై వేల కళ్లతో చూసినా నా అందం పెరగడం లేదేమే అని ఆయన అడిగితే, ఇది ఉన్నదాన్ని కొలుస్తుంది గానీ లేనిదాన్ని తెచ్చిపెట్టదని ఆమె జవాబు. గదిలో అందరూ నవ్వేవాళ్లు. తర్వాత తెర మీద లోతు బొమ్మ వచ్చేది. దగ్గరున్నవి ఎర్రగా, దూరమున్నవి నీలంగా, మధ్యలోవి పసుపుగా, ఆకుపచ్చగా. ముక్కు ఎరుపు, చెవులు నీలం, మెడ ఎప్పుడూ లేత ఆకుపచ్చ.

ఒక సోమవారం ఆ ఆకుపచ్చలో, మెడకు ఎడమవైపు కిందగా, కందిగింజంత పసుపు మచ్చ కనబడింది.

అక్కడ మెడ ఒక మిల్లీమీటరు ముందుకొచ్చిందని దానికి అర్థం. ఆమె కంగారుపడింది, కానీ అన్నయ్య గురించి కాదు, తన పలక గురించి. జిగురు ఉబ్బిందేమోనని కెమెరా విప్పింది. మరలు చూసింది. నున్నటి బోర్డు ఒకటి కుర్చీలో నిలబెట్టి ఫొటో తీసింది. బోర్డు చదునుగా, అచ్చంగా వచ్చింది. మళ్లీ అన్నయ్యను కూర్చోబెడితే మళ్లీ అదే మచ్చ.

బోర్డు బాగుంది, మెడ బాగాలేదు. దీనికి అర్థమేమిటో ఏ కూరగాయలమ్మనడిగినా చెప్పి ఉండేది. కానీ చదువుకున్నవాళ్లు నలుగురు ఒక గదిలో చేరితే తేలిక సంగతి అంత తేలిగ్గా బయటపడదు. తన పలకలో వంక లేదని ఆమె. తన ప్రోగ్రాములో తప్పు లేదని లెక్కలాయన. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లన్నారు. మధ్యాహ్నానికి ఇద్దరికీ నచ్చే దారి ఒకటి దొరికింది. తప్పంతా చర్మానిదే, ఫొటో కోసం పెట్టిన దీపం వేడికి మెడ మీద ఆ చోట చెమట పట్టి మెరుస్తోంది, ఆ మెరుపే కెమెరాను మోసం చేస్తోంది అని తేల్చారు. ఆ చోట చర్మం కనబడితే ఒక మిల్లీమీటరు లోపలికి నొక్కమని ఆయన ప్రోగ్రాములో రెండు వాక్యాలు రాశాడు. మచ్చ పోయింది. ఆమె కుదుటపడి టీ తాగింది.

వారం తిరిగేసరికి మచ్చ మళ్లీ లేచింది. ఆయన మరో అర మిల్లీమీటరు నొక్కాడు. ఆ పైవారం ఇంకాస్త. ఒకసారి ఎండలన్నారు, ఒకసారి దీపం మార్చారు. ఆ మూడు నెలల్లో లెక్కలాయనతో ఆమె ఎక్కువసార్లు అన్న మాట ఒక్కటే.

"మళ్లీ లేచింది తమ్ముడూ. ఇంకొంచెం నొక్కు."

అన్నయ్య ఆమెకు మూరెడు దూరంలో కూర్చుని ఉండేవాడు. తల తిప్పి చూస్తే చాలు. ఆమె మాత్రం తెర వైపే చూసేది. ఇంట్లో ఒకే బల్ల దగ్గర తింటూ కూడా ఆయన మెడ ఎలా ఉందో చూసింది లేదు. పొద్దున్నే కొలిచి వచ్చినదాన్ని సాయంత్రం మళ్లీ ఎవరు చూస్తారు?

పదమూడో వారానికి లెక్కల్లో తప్పు దాదాపు సున్నాకు వచ్చింది. కెమెరాను ఆసుపత్రికి పంపే రోజు ఖాయమైందని మేనేజరు చెప్పి, లెక్కలాయన భుజం తట్టి, అన్నయ్యకు చేయి కలిపాడు. అన్నయ్య ఏదో హాస్యమాడబోయాడు గానీ గొంతు జీరపోయి మాట సగంలో ఆగింది. చల్లటి నీళ్లు తాగావని ఆమె కసురుకుంది. మర్నాడు ఆ జీర ఇంకా ఎక్కువైతే ఆయన్ని ఇంట్లోనే ఉండమని తానొక్కతే వచ్చింది.

ఫొటో మానకూడదు కదా అని ఆ రోజు కుర్చీలో తనే కూర్చుంది. పై గుండీ విప్పింది, గడ్డం ఆనించింది. లెక్కలాయన మీట నొక్కాడు. తెర మీద ఆమె బొమ్మ వచ్చింది. ముక్కు ఎరుపు, చెవులు నీలం, మెడ ఆకుపచ్చ. ఎడమవైపు కిందగా మాత్రం నీలంగా ఒక గుంట, వేలు పెడితే మునిగేంత.

అక్కా, మీ మెడలో గుంట ఉందేమిటి అని ఆయన నవ్వాడు. ఆమె చేయి పెట్టి తడుముకుంది. గుంట లేదు. అందరి మెడల్లాంటి మెడే. తన మెడలో లేని గుంటను కెమెరా ఎందుకు చూపిస్తోంది? ఆ చోట నొక్కమని మనం చెప్పాం కాబట్టి. మరి అంత లోతు నొక్కితే గానీ అన్నయ్య మెడ చదునుగా ఎందుకు రాలేదు?

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె గుండీ పెట్టుకోవడం మరిచిపోయి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఇంటికి బయలుదేరింది. దారంతా ఒకటే మొక్కుకుంది. నా పలక చెడిపోయి ఉండాలి, నా చేతి పని తప్పయి ఉండాలి. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో తన పని తప్పు కావాలని ఆమె కోరుకున్నది ఆ ఒక్కరోజే.

అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇంత తొందరగా వచ్చావేమని అడిగాడు. ఆమె దగ్గరికి వెళ్లి మెడ మీద చేయి పెట్టింది. ఎడమవైపు, కిందగా. గట్టిగా తగిలింది. చర్మం కింద ఉసిరికాయంత ఉంది.

"ఇది ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"నెలా నెలన్నరయి ఉంటుంది. గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె వైపు తిరిగాడు.

"రోజూ చూస్తున్నావు కదే. నలభై వేల కళ్లు పెట్టి ఆ మెడే చూస్తున్నావు. ఏదన్నా ఉంటే నువ్వే చెబుతావులే అనుకున్నా."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఏడిస్తే బాగుండేది గానీ ఏడుపు రాలేదు. ఆయన కంగారుపడి నీళ్లు తెచ్చి, ఏమైందే, ఏమైందే అని ఆ జీర గొంతుతోనే అడుగుతూ కూర్చున్నాడు. ఆ జీర చల్లటి నీళ్లది కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. లెక్కలాయన అప్పటికే ఆ రెండు వాక్యాలూ తీసేసి కూర్చున్నాడు. కెమెరా పట్టిన అసలు వెలుతురంతా ఏ రోజుకారోజు దాచిపెట్టే ఉంది. దిద్దిన బొమ్మను పారేసి, దిద్దని బొమ్మను ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు. దాని గొప్పతనమే అది. ఇద్దరూ మొదటి సోమవారం నుంచి ఒక్కొక్క బొమ్మా బయటికి తీశారు. కందిగింజంత పసుపు, శనగగింజంత పసుపు, నడుమ నారింజ రంగు, చివరి బొమ్మలో ఎరుపు. కెమెరా ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు. రాసింది నేను అక్కా, తప్పు నాది అన్నాడాయన. రాయమన్నది ఎవరని ఆమె అడిగింది. తిలా పాపం తలా పిడికెడని పంచుకుంటే తేలికవుతుందేమో గానీ, ఆమె తన పిడికిలి తెరవలేదు. బొమ్మలన్నీ అచ్చు తీయించుకుని కవరులో పెట్టుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన మెడను చాలాసేపు తడిమింది, మింగమంది, మాట్లాడమంది. సూదితో తీసి పరీక్షకు పంపితే గానీ ఇది ఎలాంటి గడ్డో చెప్పలేనంది. ఏదైనా సరే కోసి తీయక తప్పదు. గొంతు జీరపోయిందంటే మాటను నడిపించే నరం దాకా పాకినట్టుంది, కోసేటప్పుడు ఆ నరం మిగులుతుందో లేదో మాట ఇవ్వలేను అంది. అన్నయ్య డాక్టరమ్మ చెప్పినదంతా టికెట్టు అడిగినవాడి ఊరు పేరు విన్నంత శ్రద్ధగా విన్నాడు.

ఎన్నాళ్లుగా ఉందని డాక్టరమ్మ కలం తీసింది. ఆయన నెలన్నర అనబోతుండగా చెల్లెలు కవరు విప్పి బొమ్మలు బల్ల మీద వరసగా పరిచింది. డాక్టరమ్మ ఒక్కొక్కటే చూసింది. మొదటి దాని దగ్గరికి మళ్లీ వెనక్కి వచ్చి, ఇంత చిన్నగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే నరం జోలికి పోకుండానే తీసేసేవాళ్లమంది. ఇంత ముందుగా దీన్ని చూసిందెవరని అడిగింది.

అన్నయ్య ఊపిరి కూడగట్టుకున్నాడు. ఆయన మొహంలో నిజంగానే గర్వం.

"అందరికంటే ముందు చూసింది మా చెల్లెలే డాక్టరుగారూ. అది కూడా రాసుకోండి."

అది ఆయన తెలియక అన్నాడో, అంతా తెలిసే ఆమెను కాయడానికి అన్నాడో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఊరుకుంటే ఆ మాట అలాగే కాగితం మీదికి ఎక్కేది. ఇంకొంచెం నొక్కు అన్నంత తేలిక.

"చూశాను," అంది ఆమె. "చూసి చెరిపించాను. పదమూడు వారాలు, వారం వారం నేనే దగ్గరుండి చెరిపించాను."

డాక్టరమ్మ కలం ఆగింది. అన్నయ్య చేయి చాచి, బల్ల మీద ఉన్న చెల్లెలి చేతిని పట్టుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ మొదటి సోమవారం తేదీ రాసుకుని, కాస్త గడ్డం పైకెత్తమంది. ఆయన ఎత్తి, కదలకుండా కూర్చున్నాడు.