ఏడో కమాను

మా అక్క మొగుడు చేసిన వంతెనను పద్దెనిమిదేళ్లపాటు, రోజుకు ఐదుసార్లు, నలభై లక్షలమంది చూశారు. లెక్క కాస్త అటూ ఇటూ కావచ్చు. లెక్కల విషయంలో నా మీద ఆశ మా కాన్వెంటు సిస్టరుగారే వదిలేసుకున్నారు.

బావ టీవీ కేంద్రంలో వడ్రంగి. ఆ రోజుల్లో దేశమంతటికీ ఒక్కటే చానలు. కార్యక్రమాలన్నీ హెడ్డాఫీసు నుంచే వచ్చేవి. రోజుకు ఐదుసార్లు మాత్రం, ఒక్కోసారి నలభై సెకన్లు, ఆ ప్రసారాన్ని పక్కకు తప్పించి ప్రాంతీయ కేంద్రం తన మొహం చూపించుకోవచ్చు. అప్పుడు తెర మీద మా నది వంతెన మెల్లగా తిరిగేది. మధ్య కమానులోంచి ఊరి పేరు కనిపించేది. వెనక నుంచి అనౌన్సరమ్మ, "మీరు చూస్తున్నది మన ప్రాంతీయ కేంద్రం" అనేది.

అది రికార్డు చేసిన బొమ్మ కాదు. బీరువాకన్నా కొంచెం పెద్ద గదిలో, పాత గ్రామఫోను మోటారు మీద, టేకు చెక్కతో బావ చేసిన మూరెడు వంతెన. దాని ఎదురుగా ఎప్పుడూ కదలని కెమెరా ఒకటి. ప్రతిసారీ బావ దుమ్ము తుడిచి, దీపం వేసి, మోటారు తిప్పేవాడు. నలభై సెకన్లూ ఊపిరి బిగబట్టేవాడు, ఊదితే వంతెన ఎగిరిపోతుందన్నట్టు.

ఒక వేసవిలో హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట అన్ని కేంద్రాలకూ ఒకటే గుర్తు, నీలం చక్రం. సొంత గుర్తు అట్టిపెట్టుకోవాలంటే రెండు షరతులు: అది ఆ ప్రాంతంలో నిజంగా ఉన్నదానికి నకలై ఉండాలి, ఆ ప్రాంతంవాళ్లు చూడగానే గుర్తుపట్టాలి. పరీక్షించడానికి ఒక అధికారి వస్తాడు.

"ఇంకేం, మనం పాసైపోయినట్టే," అన్నాడు బావ. ఆ ధైర్యం ఉత్తదేమీ కాదు. ఊళ్లో పిల్లలు వంతెన బొమ్మ గీస్తే బావ వంతెనే గీసేవాళ్లు. ఫొటో స్టూడియో తెర మీదా అదే, అగ్గిపెట్టె మీదా అదే.

అధికారి వచ్చాడు. నీలం టై, సన్నటి మనిషి, నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మూతి. పొద్దున్నే నది దగ్గరికి వెళ్లి, బూట్లకు బురదతో తిరిగొచ్చాడు. ఆ వారం అక్కావాళ్లింట్లో ఉన్న నేను అప్పుడే బావకు క్యారేజీ తెచ్చాను.

"మీ వంతెనకు కమాన్లెన్ని?" అన్నాడు.

"ఏడు సార్."

"ఆరు."

బావ పకపకా నవ్వాడు. "సార్, పద్దెనిమిదేళ్లుగా రోజూ చూస్తున్నాను."

"దేన్ని?"

బావ నవ్వు ఆగిపోయింది. ముగ్గురం జీపెక్కాం. వంతెన కింద ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు, ముప్ఫై ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్నాడట.

"తాతా, ఈ వంతెనకు కమాన్లెన్ని?" అన్నాను.

"ఏడు. టీవీ చూడవా?" అన్నాడు తల తిప్పకుండానే.

"ఒక్కసారి లెక్కపెట్టవూ!"

లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. చేతిలో గాలం కర్ర నీళ్లలో పడి కొట్టుకుపోతున్నా చూసుకోలేదు. బావ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వేలు పెట్టి లెక్కించాడు. ఎటు నుంచి చూసినా ఆరే. ఒడ్డునే చతికిలబడ్డాడు.

"ఒకటి కూలిపోయిందేమో బావా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"కూలితే రోడ్డు ఎలా ఉందిరా, నీ మొహం!" అన్నాడు.

జీపులో తిరిగొస్తుంటే బావకు గుర్తొచ్చింది. మొదట చేసింది ఆరు కమాన్లతోనే. ఆరైతే సరిగ్గా మధ్యలో స్తంభం వస్తుంది, ఊరి పేరు దాని వెనక దాక్కుంటుంది. పేరు కనబడాలని అప్పటి డైరెక్టరు పట్టుబడితే మధ్యలో ఒక కమాను ఇరికించాడు. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా దుమ్ము తుడిచాడంటే, ఇరికించిన సంగతే మరిచిపోయాడు. నిజం వంతెన మీదుగా రోజూ బస్సులో వెళ్తాడు, నిద్రపోతూ.

"సాయంత్రం దాకా టైమిస్తాను," అన్నాడు అధికారి. "సరిచేస్తే ఉంటుంది. లేకపోతే నీలం చక్రం."

బావ రంపం తీశాడు. ఏడో కమాను కోస్తున్నంతసేపూ నేను గోడవైపు చూశాను. మిగిలిన రెండు ముక్కలూ కలిపి, ఊరి పేరు కిందకి దించి, మధ్యాహ్నం పన్నెండింటికి ఆరు కమాన్ల వంతెన చూపించాం. పద్దెనిమిదేళ్లలో మొట్టమొదటిసారి నిజం చూపించాం.

పన్నెండూ రెండుకు ఫోన్లు మొదలయ్యాయి. అనౌన్సరమ్మ ఒకటి పెట్టేస్తే ఇంకొకటి.

"ఇది మన వంతెన కాదమ్మా, ఎవరిదో తెచ్చిపెట్టారు!"

"ఒక కమాను ఏమైందండీ? మింగేశారా?"

ఒక బస్సు డ్రైవరు టీకొట్లో టీవీ చూసి, వంతెన దాటనని బస్సు అక్కడే ఆపేశాడు. ప్రయాణికులు దిగి, ఒడ్డున నిలబడి, కూలిన కమాను కోసం నీళ్లలో వెతికారట. మా అక్క కూడా ఫోను చేసింది.

"ఏవండీ, పక్కింటావిడ ఏడుస్తోంది. వాళ్లాయన అవతలి ఒడ్డున ఉన్నాడట!"

"వంతెన బాగానే ఉందే! దానికున్నవే ఆరు."

"మీకు ఎండదెబ్బ తగిలింది. మజ్జిగ తాగండి," అని పెట్టేసింది.

అధికారి నమ్మలేక తానే ఒక ఫోను తీశాడు. "అయ్యా, దయచేసి నది దగ్గరికి వెళ్లి లెక్కపెట్టుకోండి," అన్నాడు. అవతలి మనిషి ఏమన్నాడో గాని ఈయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొకటి తీశాడు. నాలుగయ్యేసరికి నూట పన్నెండు ఫోన్లు. పాపం, టై వదులు చేసుకుని కూలబడ్డాడు.

"నకలు సరిగ్గా ఉంటే గుర్తుపట్టడం లేదు. గుర్తుపట్టేది నకలు కాదు," అన్నాడు తనలో తానే. "ముప్ఫై కేంద్రాలు చూశాను. ఇలాంటి..."

"చక్రమే పెట్టెయ్యండి సార్," అన్నాడు బావ నేలచూపులు చూస్తూ. "తప్పు నాది."

మళ్లీ ఫోను మోగింది. ఆ మోతకు అధికారి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "ఆ ముక్క ఉందా, పారేశారా?"

బావ జేబులోంచి తీశాడు.

"పెట్టండి. ఆరింటికి చూపించాలి."

ఐదూ యాభై ఐదుకి ముక్క చేరింది. కాని రంపం తిన్నంత మేర చెక్క తగ్గింది కదా, అది అటూ ఇటూ ఊగుతోంది. జిగురు ఆరలేదు. అధికారి హెడ్డాఫీసు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సందులో దోపాడు. అయినా నిలవలేదు. ఇక లాభంలేదని బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. అంతలో ఎర్రదీపం వెలిగింది. అలవాటుకొద్దీ బావ చెయ్యి మోటారు మీద పడింది. వంతెన తిరగడం మొదలెట్టింది.

వేలు తీస్తే కమాను పడిపోతుంది. అందుకని హెడ్డాఫీసు అధికారి నడుం వంచి, వంతెనతోపాటే తిరిగాడు. తెర మీద మొదట వేలు వచ్చింది, తర్వాత చొక్కా కఫ్, ఆ తర్వాత వంతెనకన్నా పొడుగున నీలం టై. చూసిన అనౌన్సరమ్మ తన వాక్యమే మరిచిపోయింది. తర్వాత ఎలాగో కూడదీసుకుని, "మీరు చూస్తున్నది... మన ప్రాంతీయ కేంద్రం," అంది.

ఎర్రదీపం ఆరింది. అధికారి వేలు ఇంకా కమాను మీదే ఉంది. ఫోను మోగింది. బావ ఎత్తాడు. ఎవరో పెద్దాయన గొంతు, పక్కనున్న మాక్కూడా వినిపించేంత గట్టిగా.

"హమ్మయ్య, మన వంతెన వచ్చేసింది నాయనా! ఇంతకీ దాని మీద ఆ టై ఆయనెవరు?"

బావ అధికారికేసి చూశాడు. అధికారి బావకేసి చూసి, మెల్లగా తలూపాడు.

"హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరుగారండీ," అన్నాడు బావ. "మరమ్మతు చేస్తున్నారు."

"అలాగా! తొందరేం లేదు, గట్టిగా చెయ్యమను."