పై బై సెవెన్, ఇద్దరు మాస్టార్లు

ఇంటర్ చదివే ఆ రోజుల్లో నేను పొద్దున్నే జగ్గయ్యపేటలో సైన్, కాస్‌లతో ఏడ్చి, సాయంత్రం నందిగామలో కాంప్లెక్స్ నంబర్లతో ఏడ్చి, మధ్యలో బస్సులో కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని. మా ఇల్లు పేటలో, కాలేజీ నందిగామలో, ట్యూషన్ మాత్రం రెండు చోట్లా. ఇదంతా మా నాన్న ఏర్పాటు. ఆయన మిరప రైతు. ఒక బోరు ఎండితే ఇంకోటి ఆదుకుంటుందని చేలో రెండు వేయించిన మనిషి, కూతురి లెక్కలకి కూడా అదే పద్ధతి పెట్టాడు. (రెండు బోర్లూ ఒకే వేసవిలో ఎండిపోయిన సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు.) విజయవాడలో ఏదో పెద్ద లెక్కల పోటీ పెడుతున్నారని, అందులో పైన నిలిచినవాళ్ళని ఒక కాలేజీవాళ్ళు పిలిచి సీటిస్తారని ఆయన చెవిన పడింది. సీటొస్తే ఇంజనీరింగు వైపు, రాకపోతే నందిగామలోనే డిగ్రీ అని తేల్చి చెప్పేశాడు. ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ నాతో సరదాగా మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తూ కూడా అమ్మ నా మొహంలో సీటు కోసం వెతికేది.

పేట మాస్టారు ట్రిగనామెట్రీ మనిషి. ఏ లెక్క ఇచ్చినా సైన్, కాస్‌లతోనే లాగేవారు. నందిగామ మాస్టారు ఆయనకి స్వయానా బావమరిది. ఈయనకి ప్రతిదీ కాంప్లెక్స్ నంబర్లతో చెయ్యకపోతే నిద్ర పట్టదు. పేట మాస్టారి భార్య, అంటే ఈయన అక్కగారు, నేను ట్యూషన్లో చేరడానికి ముందు ఏడాదే పోయింది. అప్పటినుంచి బావాబావమరుదులకి మాటల్లేవు. ఎందుకని అడిగితే అమ్మ, నీ లెక్కలు నువ్వు చూసుకో అనేది.

ఒకరోజు పేట మాస్టారు కాస్ పై బై సెవెన్, కాస్ త్రీ పై బై సెవెన్, కాస్ ఫైవ్ పై బై సెవెన్, ఈ మూడూ కలిపితే ఎంతో చెప్పమన్నారు. నేను తెల్లమొహం వేస్తే, మొత్తాన్ని రెండు సైన్ పై బై సెవెన్‌తో గుణించి చూపించారు. పదాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి అర మిగిలింది. ఆ సాయంత్రం నందిగామలో గొప్పగా అదే చేసి చూపించా. నందిగామ మాస్టారు మొహం ముడుచుకుని, ఒక వృత్తం గీసి, దాని మీద సమాన దూరంలో ఏడు చుక్కలు పెట్టి, ఇవన్నీ కలిపితే సున్నా అవుతుంది కదా అన్నారు. అందులోంచి కూడా అరే వచ్చింది. "మీ మాస్టారు ఇంకా నడిచే వెళ్తున్నారన్నమాట" అన్నారు.

నా నోరు ఊరుకోదు కదా, పొద్దున్నే వెళ్ళి ఆ మాట పేటలో చెప్పా. లేని సంఖ్యల్ని తెచ్చి ఉన్న లెక్క చెయ్యడమేంటని పేట మాస్టారు కాసేపు విసుక్కున్నారు. తర్వాత బోర్డు తుడుస్తూ, నా వైపు తిరక్కుండా, ఆయనకి దగ్గు తగ్గిందా అని అడిగారు. సాయంత్రం నందిగామ మాస్టారు దగ్గుతూనే, పేటలో వంట ఎవరు చేస్తున్నారని అడిగారు. మాస్టారే చేసుకుంటున్నారండి అన్నా. ఈయన చాక్‌పీసు పక్కన పెట్టేసి, ఇవాళ్టికి చాలు ఇంటికి వెళ్ళమన్నారు.

అక్కడినుంచి రోజూ ఇదే తంతు. సైన్ పై బై సెవెన్, సైన్ టూ పై బై సెవెన్, సైన్ త్రీ పై బై సెవెన్, మూడూ గుణించి చూపించమను, అదీ కాంప్లెక్స్ నంబర్లు ముట్టుకోకుండా, అని నందిగామ నుంచి కబురు. పేట మాస్టారు దాంతో రోజుల తరబడి కుస్తీ పట్టారు. టీ ఆయనే పెట్టుకుని, ఆయనే మర్చిపోయి, మీగడ కట్టాక తాగేవారు. చివరికి ఒకనాడు, వచ్చిందని చెప్పు అన్నారు. అంత కష్టపడి సాధించిన మనిషి మొహంలో సంతోషం వీసమెత్తు లేదు. ఇక నా సంగతంటారా, పేటలో పొరపాటున కాంప్లెక్స్ నంబర్ల ఐ అక్షరం రాస్తే ఆయన ఆ పూటంతా తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచేవారు. నందిగామలో సైన్ రాస్తే ఈయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయేవారు. ఇద్దరి మొహాలూ చూడలేక ప్రతి లెక్కా రెండు రకాలుగానూ చెయ్యడం అలవాటు చేసుకున్నా.

పోటీ రోజున హాల్లో కూర్చుని కూడా ఆ బుద్ధి పోలేదు. మొదటి లెక్క సైన్‌లతో చేశా, జవాబొచ్చింది. అక్కడితో వదిలేస్తే నందిగామ మాస్టారికి అన్యాయం చేసినట్టనిపించి వృత్తం గీసి మళ్ళీ చేశా, అదే జవాబొచ్చింది. మనసు తేలికపడింది. (ఆ పరీక్షలో నేను పడ్డ సంతోషం అదొక్కటే.) రెండోదీ, మూడోదీ అంతే. గంట కొట్టేసరికి పేపర్లో సగం నా చెయ్యి పడనే లేదు.

బయటికొస్తే గేటుకి ఇటువైపు కొబ్బరిబొండాల బండి దగ్గర పేట మాస్టారు, అటువైపు జిరాక్సు షాపు ముందు నందిగామ మాస్టారు. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడి ఏడవడం మొదలుపెట్టా. ఇక తప్పక ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు. నా చేతిలో ప్రశ్నపత్రం ఉంది, దాని అంచుల నిండా నేను చేసిన లెక్కలు. ఒక పక్క సైన్‌లు, ఇంకో పక్క చుక్కల వృత్తాలు. ఇద్దరూ తల వంచి చాలాసేపు చూశారు.

"రెండూ కరెక్టే" అన్నారు పేట మాస్టారు. "ఏదో ఒక దారి పట్టుకుని పోవాల్సింది అమ్మాయ్."

నందిగామ మాస్టారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "ఆ రోజు నేను విజయవాడ అన్నా బావా. మీరు ఖమ్మం అన్నారు."

"ఎటైనా పోవాల్సిందయ్యా. వాకిట్లో నిలబడి తేల్చుకుంటా కూర్చున్నాం" అన్నారు పేట మాస్టారు.

నాకేమీ అర్థం కాలేదు. తర్వాత ఇంటికి వెళ్ళాక అమ్మ చెప్పింది. పేట మాస్టారి భార్యకి గుండెనొప్పి వచ్చిన రోజు బండి వాకిట్లోనే ఉందట. ఏ ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని బావాబావమరుదులు వాదించుకుంటుంటే, ఎవరి మాట చెల్లకముందే ఆవిడ కన్ను మూసిందట.

ఆ సాయంత్రం ముగ్గురం ఒకే బస్సెక్కాం. వాళ్ళిద్దరూ ముందు సీట్లో, నేను వెనకాల కిటికీ పక్కన. కంచికచర్ల దాటాక నందిగామ మాస్టారు నా ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, నేను ముట్టుకోని లెక్కల్లో ఒకటి బావకి చూపించారు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. కండక్టరు నందిగామ నందిగామ అని అరిచినా ఇద్దరూ తలెత్తలేదు. నేను పిలుద్దామని నోరు తెరిచి, ఎందుకో మూసుకున్నా. చిల్లకల్లు దగ్గర చీకటి పడుతుంటే చూసుకుని, అయ్యో దిగలేదే అన్నారు నందిగామ మాస్టారు. "ఉండవయ్యా, పప్పు ఉంది, రెండు గుప్పెళ్ళు బియ్యం పడేస్తా" అన్నారు పేట మాస్టారు.

సీటు రాలేదు. నందిగామలో డిగ్రీ చదివా, ఇప్పుడు ఒక ఆఫీసులో కూడికలు తప్ప ఏమీ చెయ్యను, అవీ కంప్యూటరే చేస్తుంది. నాన్న కొన్నాళ్ళు దిగులుపడి, తర్వాత మూడో బోరు గురించి దిగులుపడ్డాడు. అప్పుడప్పుడూ ఆ బస్సులో కిటికీకి తల ఆనించి, తన బతుకు ఇక్కడితో అయిపోయిందని ముక్కు చీదుకుంటున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ముందు సీట్లో ఏం జరుగుతోందో చూస్తూనే ఉంది పాపం, కానీ దాని ఏడుపులో దానికి పట్టలేదు.