ఐసు ఫ్యాక్టరీ మెట్టు మీది దీపం

మా వీధి మొదట్లోని పాత బిల్డింగులో దయ్యం తిరుగుతుందని అందరూ చెబుతారు. శుద్ధ అబద్ధం. ఇప్పుడది సెల్‌ఫోన్ల అంగడి. అంతకుముందు ఎరువుల కొట్టు, ఇంకా ముందు చేపల కోసం ఐసు చేసే ఫ్యాక్టరీ. ముసలివాళ్లను విసిగించి మరీ ఈ సంగతులన్నీ నేనే ఆరా తీశాను.

ఒకసారి నెల్లూరు బస్సు దాని ముందు ఆగినప్పుడు, నా పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ ఆ బిల్డింగుకు చేతులు జోడించింది.

"అది గుడి కాదమ్మా, సెల్లుల అంగడి" అని నవ్వాను. అడగకపోయినా దాని చరిత్రంతా వినిపించాను. "అమావాస్య అమావాస్యకీ ఎవరో ఆ మెట్టు మీద దీపం పెట్టి జనాన్ని జడిపిస్తా ఉండారు. పొద్దున్నే నేనే ఎత్తి పారేస్తా. చదువుకున్నదాన్ని, నాకేం భయం?"

ఆవిడ చేతులు దించింది.

"తుఫానులో పోయినోళ్లని, అయినోళ్లు వచ్చేదాకా ఆ ఐసులోనే పెట్టినారక్కా. మా నాయన్ని ఆడ నించే తీసకపోయినాం. పీనుగ లేసిన చోట దీపం పెట్టాల గదా? మా ఇల్లు ఉప్పెనలో కొట్టకపోయింది. ఆ మెట్టే మిగిలింది."

కిటికీలోంచి ఆ మెట్టు వైపు చూశాను.

"ఏడ పారేస్తావక్కా?" అని మెల్లగా అడిగింది.

మురిక్కాలవలో అని చెప్పలేక, ముందు సీటు కమ్మీ పట్టుకుని తల దించుకున్నాను. ఆవిడ తర్వాతి స్టాపులో దిగిపోయింది.

అప్పటినుంచి ప్రతి అమావాస్య మర్నాడూ వెళ్లి చూస్తున్నాను. మెట్టు ఖాళీగానే ఉంటోంది. ఆవిడ దీపం పెట్టడం మానేసిందా, నా చేతికి అందని చోటెక్కడైనా పెట్టుకుంటోందా?