ఏడు జవాబులు, నాలుగు గుండిగలు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో జనగామలో అందరికీ తమకేం కావాలో ఖాయంగా తెలుసు. తెలియనిది నాకొక్కడికే. చదువు ముగించి అప్పుడే ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. (చూడడమంటే నిజంగా చూడడమే, అంతకుమించి చేతకాదు.) హాస్టళ్లకు పంపిన లారీ, నూక ఎక్కువుందని వెనక్కి వచ్చింది. వడ్లకు ఆవిరి ఎక్కువ పట్టించాం. నూక తగ్గింది కానీ, బియ్యం పచ్చబడ్డాయని రెండో లారీ తిరిగొచ్చింది. "మూడోది గూడ వస్తే, అదే లారీల నిన్ను మీ మానుకోటల దించొస్తరు," అన్నాడు మిల్లు సేటు.

కాలేజీలో నేర్చిన విద్య ఉంది కదా! నూక తగ్గాలి, రంగు తేలాలి, బాయిలర్‌లో ఊక తక్కువ కాలాలి. మూడు కోరికలూ కంప్యూటర్‌కు చెప్పి లెక్క కట్టించాను. అది ఏడు జవాబులిచ్చింది. వాటిలో ఏది మేలో చెప్పలేమట, ఒక కోరిక తీరాలంటే ఇంకోటి చెడాలట.

"ఒక్కటి చెప్పుమంటే ఏడు చెప్తివి. ఏది మంచిదయ్యా?" అన్నాడు సేటు.

"అన్నీ మంచివే సార్."

"మరి గింత పరేషానెందుకు?"

వండి పోల్చి చూస్తే తేలుతుందనుకున్నాను.

ఏడింట్లో నాలుగు రకాలు మర పట్టించి, బస్తాల మీద గుర్తులు వేసుకున్నాను. మర్నాడు బంద్, మిల్లు ముందే రోడ్డు మీద వంటావార్పు. బియ్యం పంపమని సేటు అన్నాడో లేదో, హమాలీలు ఎదురుగా కనబడ్డ నా నాలుగు బస్తాలూ ఎత్తుకుపోయి నాలుగు గుండిగల్లో పోశారు. నా ప్రాణం పోయినంత పనైంది. సరే, ఏ గుర్తు బస్తా ఏ గుండిగలో పడిందో, దాని రుచేమిటో అయినా రాసుకుందామని నోట్‌బుక్కు పట్టుకుని భోజనాల బంతుల మధ్య తిరిగాను. "అన్నం ఎట్లుందన్నా?" అంటే నాలుగు చోట్లా "మస్తుంది!" అనే. పైగా ఒకాయన నన్ను పోలీసుల మనిషి అనుకుని చొక్కా గల్లా పట్టుకున్నాడు.

"మా పోరడే, ఇడువుండ్రి!" అని విడిపించింది మా మిల్లులో బియ్యం చెరిగే అవ్వ. సంగతి విని నవ్వింది. "ఆకలైనోళ్లను అడిగితే అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డా. గీ బియ్యం తినేటోళ్లెవలు?"

"హాస్టల్ పిల్లలు."

"పొద్దున వండింది మాపటిదాంక తింటరు. నూకుంటే ముద్దయితది. జరంత పచ్చగుంటే ఏంది, పులుసు వోసుకుంటే కనవడ్తదా?"

ఎవరు తింటారని నేనుగానీ, సేటుగానీ, కంప్యూటర్‌గానీ అడగనే లేదు. అవ్వ సాయంత్రం దాకా ఆగి, అడుగున మిగిలిన అన్నం వేళ్లతో నలిపి చూసి, మూడో గుండిగ చూపించింది.

ఆ రకమే పట్టించి పంపాం. మూడో లారీ వెనక్కి రాలేదు. "కంప్యూటరంటే కంప్యూటరే!" అని సేటు నా భుజం తట్టాడు. అవ్వ పక్కనే చెరుగుతోంది. నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు కంపెనీల వాళ్లకు ఇదే విద్య చెబుతుంటాను. తెర మీద జవాబుల వరుస చూపించి, "ముందు ఎవరి కోసమో తేల్చుకోండి," అంటే గొప్ప మాటని రాసుకుంటారు. అది ఎవరి మాటో ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తాను. ఎవరూ అడగరు. నేనూ నవ్వి ఊరుకుంటాను, ఆనాడు ఊరుకున్నట్టే.