మా ఇంటి ముందు బ్రేకర్

వంటింట్లో గిన్నెలు మోగే తీరును బట్టి రోడ్డు మీద వచ్చే టిప్పరు నిండుదో ఖాళీదో చెప్పగలను. నిండుది వస్తే ముందు కాళ్ల కింద నేల అదురుతుంది, ఆ తరువాత గూట్లో గిన్నెలు మెల్లగా కదులుతాయి. ఖాళీది వస్తే నేల అదరదు, గిన్నెలన్నీ ఒక్కసారిగా గలగలమంటాయి. నాకు ఖాళీదంటేనే ఎక్కువ భయం. నిండుది బరువుకు లొంగి పోతుంది. ఖాళీది ఇంకో ట్రిప్పు కొట్టాలని ఉరుకుతుంది. ఆ డ్రైవర్లకు ట్రిప్పుల లెక్కనే కూలి.

మాది గోదావరిఖని అంచున, క్వార్టర్లు దాటిన తరువాత వచ్చే వాడ. ఓపెన్‌కాస్టు గని నుంచి బొగ్గు మోసే బండ్లు మా గడప ముందు నుంచే పోతాయి. మా ఆయన ముప్పై ఏళ్లు బాయిలో, అంటే భూమి లోపలి గనిలో, పనిచేశాడు. ఆ ముప్పై ఏళ్లూ నేను సైరన్ వింటూ బతికాను. వేళ కాని వేళ అది కూస్తే చేతిలో ఉన్నది పడేసి గేటు దాకా ఉరికేదాన్ని. చివరికి ఆయన జ్వరంతో మంచం మీదే పోయాడు. ఏడ్చాను గానీ, బాయిలో పోలేదు కదా అని లోపల ఒక మూల ఊరటగానే ఉండింది. ఇక నాకు భయపడే పని లేదనుకున్నాను.

మనుమరాలితో మళ్లీ మొదలైంది. కొడుకు గని ఆఫీసులో డ్యూటీకి పోతాడు, కోడలు పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. రెండో తరగతి చదివే పిల్లను రోడ్డు దాటించి అవతలి బడిలో వదలడం నా పని. చెయ్యి పట్టుకునేదాన్ని కాదు, మణికట్టు పట్టుకునేదాన్ని. చెయ్యయితే చెమటకు జారుతుంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరిగిన రోజుల్లో బాయిలన్నీ ఆగిపోయాయి. నెల దాటి మా రోడ్డు మీద టిప్పరన్నది తిరగలేదు. పిల్లలు తారు మీద సుద్దతో గళ్లు గీసి ఆడుకున్నారు. మేము రోడ్డు మీదే మక్కజొన్నలు ఎండబోసుకున్నాం. ఇంటికి జీతం రాలేదు, కూరలో నూనె తగ్గించాను, అయినా ఆ నెల నాకు నిండా నిద్ర పట్టింది.

సమ్మె అయిపోయిన మర్నాటి నుంచి బండ్లు, పోయిన ట్రిప్పులన్నీ ఒక్క రోజులో తేవాలన్నట్టు, తోక తొక్కినట్టు ఉరికాయి. పిల్లలకు మాత్రం రోడ్డు తమదేనన్న అలవాటు ఇంకా పోలేదు.

ఒక పొద్దున పిల్లను దాటిస్తున్నాను. నడిమధ్యలో దాని కాలి చెప్పు ఊడింది. నేను ఆగకుండా గుంజుకుపోతున్నాను. జారదనుకున్న మణికట్టు జారిపోయింది. వెనక్కి తిరిగి చూసేసరికి పిల్ల రోడ్డు మధ్యలో వంగి చెప్పు ఏరుకుంటున్నది. ఖాళీ టిప్పరు. బ్రేకు చప్పుడు నా పళ్లలో తగిలింది. దుమ్ము లేచి పిల్ల కనబడకుండా పోయింది. ఆ దుమ్ము తగ్గేదాకా నేను బతికి ఉన్నానో లేదో నాకు తెలియదు.

పిల్ల చెప్పు పట్టుకొని నిలబడి ఉంది. బండి ముక్కుకూ దానికీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా కూడా లేదు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏందమ్మా, పిల్లను పట్టుకోరాదా? నా పానం పోయినంత పనాయె!"

పిల్లను ఇవతలికి గుంజి, "ఎందుకు ఉరికినవే?" అని వీపు మీద ఒకటి వేశాను.

"చెప్పు పోతె నువ్వు తిడ్తవ్ గద బాపమ్మా" అన్నది.

ఆ మాట నా చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. తప్పంతా రోడ్డుదేనని ఆ సాయంత్రమే ఎదురింటి తమ్ముడి దగ్గరికి పోయాను. తోడబుట్టిన తమ్ముడు కాదు. మా ఆయనతో పాటు బాయిలో కప్పు కూలకుండా దిమ్మెలు పెట్టే పని చేసి రిటైరైనవాడు, నన్ను అక్కా అంటాడు. బండ్లు నెమ్మదించేలా రోడ్డుకు అడ్డంగా బ్రేకర్ కావాలని దరఖాస్తు అతనే రాశాడు. వాడంతా కింద వేలిముద్రలు వేసింది. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి మొత్తం చదివి, సంతకం పెట్టాను.

కొన్నాళ్లకు మున్సిపాలిటీ ఇంజనీరు సారు స్కూటరు మీద వచ్చాడు. రోడ్డు పొడవునా నడిచాడు. మురికికాలువ మోరీ దగ్గర గుర్తుకు ఒక రాయి, బడి దాటిన తరువాత కరెంటు స్తంభం దగ్గర ఇంకో రాయి పెట్టాడు.

"చూడమ్మా, పిల్లలు దాటే చోట కాదు, అంతకంటే ముందే బండి నెమ్మదించాలి. అందుకే అటొకటి, ఇటొకటి. ఎత్తు తక్కువ ఉండాలి, వెడల్పు ఎక్కువ ఉండాలి. పైన తెల్ల రంగు, ముందర బోర్డు" అన్నాడు.

"ఎప్పుడేస్తరు సారూ?"

"ఈ ఏటి పైసలు పనులకు పంచేశాం. ఎస్టిమేటు రాసి వచ్చే ఏటికి పెడతాను."

"అప్పటిదాక పిల్లను సంచిల కట్టి దాసుకోవాల్నా?"

ఆయన నవ్వలేదు. రాళ్లు అక్కడే వదిలేసి పోయాడు.

ఇక మేమే చందాలు వేసుకున్నాం. ఎంత గుంజినా ఒక్క బ్రేకర్‌కే సరిపోయాయి. ఎక్కడ వెయ్యాలన్న దగ్గర గొడవ. బండి ఎక్కి దిగితే గోడలు పగులుతాయని ఎవరికి వాళ్లు తమ ఇంటి ముందు వద్దన్నారు. "మొన్ననే సున్నం ఏసిన" అని ఒకామె, "మా ముసలాయనకు గుండె నొప్పి" అని ఇంకొకామె. నేను లేచి, "మా గడప ముందటనే ఎయ్యిండ్రి. నా పిల్ల దాటేది ఆడనే" అన్నాను.

ఆదివారం పని పెట్టుకున్నాం. సారు తక్కువ ఎత్తని చెప్పింది తమ్ముడు గుర్తుచేశాడు గానీ తనే నమ్మలేదు.

"బాయిల కప్పు ఆగాల్నంటె ఒక్క దిమ్మె పెట్టి ఊకుంటమా అక్కా? ఎంత పెడితె అంత నయం."

"పైసలు పెట్టినంక కనవడాలె గద. ఇంకో వరుస ఎయ్యి" అన్నాను నేను.

రాళ్లు పేర్చి, ఇసుక సిమెంటు పోసి, నా మోకాలికి కొంచెం కిందదాకా లేపించాను. దగ్గర నిలబడి నేనే నీళ్లు చల్లాను. అది ఆరాక మొదటి టిప్పరు వచ్చి, దాని ముందు దాదాపు ఆగి, మూలుగుతూ ఎక్కి, ధన్‌మని దిగింది. మా గూట్లో గిన్నె ఒకటి కిందపడింది. పడనీ అనుకున్నాను. ఆ రోజు నుంచి సాయంత్రాలు పిల్లను తీసుకురావడానికి పోవడం మానేశాను. బండి ఆగుతుంది కదా, అదే దాటి వస్తుందిలే అనుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో నిండు టిప్పరు దిగుతుంటే పైనుంచి గుమ్మడికాయంత బొగ్గుపెళ్ల దొర్లి పడింది. బండి పోయాక అటూ ఇటూ చూసి, కొంగులో వేసుకొచ్చి, పగలగొట్టి పొయ్యిలో వేశాను. రెండు పూటల వంట వెళ్లింది. గ్యాసుబండ ఉంది మాకు, అయినా నీళ్లు కాచడానికి, పప్పు ఉడకడానికి గ్యాసు కాల్చడం నాకు ఇష్టం ఉండదు.

పది రోజుల్లో వాడంతా గంపలతో రోడ్డు పక్కన కూర్చోవడం మొదలైంది. తమ్ముడు తన అరుగు మీద నుంచి అరిచేవాడు.

"అక్కా, నీ ఇంటి ముందట కొత్త బాయి తెరిసినట్టున్నరు గదనే! మేనేజరువు నువ్వేనా?"

"నువ్వు రిటైరైనవ్, నీకు డ్యూటీ లేదు. ఊకో" అనేదాన్ని.

ఒకనాడు పిల్ల బడి నుంచి వస్తూ గుప్పెడంత బొగ్గుముక్క తెచ్చి నా ముందు పెట్టింది. "నా బిడ్డనే. ఇల్లు నిలబెట్టే తెలివి నీకే వచ్చింది" అన్నాను. నేను పొగిడే మనిషిని కాను. మా ఇంట్లో నా నోటి నుంచి మంచి మాట రావడం ఎంత అరుదో పిల్లకు బాగా తెలుసు. మర్నాడు రెండు ముక్కలు తెచ్చింది. ఎక్కడ ఏరిందని నేను అడగలేదు. పొయ్యి దగ్గర గంపలో వేశాను.

ఆ రోజు నాలుగు గంటల సైరన్ కూసింది. నేను అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నాను. నిండు టిప్పరు వచ్చి బ్రేకర్ ముందు ఆగింది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. బండి కుదుపుకు పైనుంచి రెండు పెళ్లలు పడ్డాయి. బండి అట్లాగే నిలిచింది, గేరు మారుస్తున్నాడేమో. అవతలి వైపు నుంచి పిల్ల రావడం బండి కింది సందులోంచి కనబడింది. భుజానికి బడిసంచి ఉంది. బండి ఆగింది కదా అని వంగింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ ఉన్న సందులోకి చెయ్యి పెట్టింది. చెయ్యి చాలక తల కూడా పెట్టింది.

వాడలో నా గొంతంటే హడలు. అట్లాంటి గొంతు ఆ క్షణంలో రాలేదు. ఒళ్లోని చింతపండు జారి పడడం తెలుస్తున్నది, బండి ఇంజను గుర్రుమనడం తెలుస్తున్నది, పిల్ల జడకు కట్టిన ఎర్ర రిబ్బను చక్రం పక్కన కదలడం కనబడుతున్నది. నేను మాత్రం కూర్చునే ఉన్నాను. బండికి అవతల తమ్ముడు "ఆపు! ఆపురా!" అని అరుస్తూ అరుగు మీద నుంచి దూకాడు. డ్రైవరుకు వినబడలేదు. బండి కదిలింది. వెనక చక్రాలు బ్రేకర్ ఎక్కాయి, దిగాయి. పోయింది.

రోడ్డు మీద పొడి నల్లగా పరుచుకొని ఉంది. దాని అవతల పిల్ల నిలబడి ఉంది. రెండు చేతులా ఒక పెళ్లను పొట్టకు అదుముకొని, అంగీ అంతా మసి చేసుకొని. నడుచుకుంటూ వచ్చి దాన్ని నా ముందు దించింది. దాని కళ్లలో భయం ఉంది. చక్రం గురించి కాదు.

"ఇంకోటి గుడ ఉండె బాపమ్మా. టైరు కింద వడి పొడైంది. తిట్టకే."

చెప్పు పోతే తిడతావని ఆనాడు అది అన్న మాట అప్పుడు లోపలికి పోయింది. అన్ని నెలల తరువాత.

పిల్లను దగ్గరికి తీసుకోవాలని చేతులు చాచాను. కొడతాననుకొని అది వెనక్కి జరిగింది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అతని చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

"తమ్మీ, బ్రేకర్ పగలగొట్టాలె" అన్నాను.

"పిచ్చి లేసిందా అక్కా? ఇల్లిల్లు తిరిగి అడుక్కొని ఏసినం. పగలగొడ్తె బండ్లు మళ్ల ఉరుకుతయ్."

"ఉరికితె పిల్లలు దూరం ఉంటరు. ఇది బండిని ఆపి, పిల్లలను దాని కిందికి పిలుస్తున్నది. నువ్వు సూడలేదా?"

చూశాడు కాబట్టే, "అయితె రేపు సారు దగ్గరికి పోదాం" అన్నాడు.

మర్నాడు షేరు ఆటోలో సారు ఆఫీసుకు పోయాం. నేనే చెప్పాను, ఇంకో వరుస వెయ్యమన్నది నేనేనని కూడా చెప్పాను. ముందే చెప్పాను కదమ్మా అని ఆయన అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. మంజూరు ఇంకా రాలేదని, మేమే వేసుకుంటామంటే కొలతలు గీసి, మేస్త్రీ దగ్గర తానే నిలబడతానని మాత్రం అన్నాడు. రెండోసారి వాడలో చందా అడిగే ముఖం నాకు లేదు. నా దినాలు జరిపించడానికని ట్రంకుపెట్టె అడుగున మూట కట్టి దాచుకున్న పైసలు ఉండేవి. ఒకరి మీద పడకుండా పోవాలని కూడబెట్టినవి. అవి తీసిచ్చాను. కొడుకు వద్దన్నాడు. "నా దినాలు నువ్వే చెయ్యి. పిల్లవి నా చేత చేయించకు" అన్నాను. వాడు గడ్డపార తీసుకొని బయటికి పోయాడు.

పాతది పగలగొట్టడానికి ఒక రోజు, కొత్తవి రోడ్డుకు సగం సగంగా వేసి ఆరడానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు బడి వేళకు నేను ఎర్ర రవికెగుడ్డ కర్రకు కట్టి రోడ్డు పక్కన నిలబడ్డాను. బండ్లు హారన్ కొట్టుకుంటూ నా ముఖాన దుమ్ము చల్లి పోయాయి. కొన్ని ఆగాయి.

సారు రాళ్లు పెట్టిన చోట్లలోనే రెండూ వచ్చాయి, మోరీ దగ్గర ఒకటి, స్తంభం దగ్గర ఒకటి. ఎంత వంగి చూసినా ఇంతేనా అనిపించేంత ఎత్తు. బండి వాటి మీద పడవలా ఎక్కి దిగుతుంది. బొగ్గు పడదు. మా గడప ముందు ఇప్పుడు ఏమీ లేదు, అక్కడికి వచ్చేసరికి బండ్లు నెమ్మదిగా ఉంటాయి. గంపలతో కూర్చునేవాళ్లు కొన్నాళ్లు నన్ను తిట్టుకున్నారు. గంపలో మిగిలిన బొగ్గు నేను పారేయలేదు, అయిపోయేదాకా కాల్చాను. ఆ తరువాత పొయ్యిని పెరట్లో బోర్లించాను.

అయినా భయం పోలేదు. నాలుగు గంటల సైరన్ కూస్తే ఇప్పటికీ చేతిలో ఉన్నది పడేసి గడప దాకా ఉరుకుతాను.

రాష్ట్రం వచ్చిన ఏడు, బడులు తెరిచిన కొత్తలో, పిల్ల ఒంటికాలి చెప్పుతో ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాపమ్మా, చెప్పు ఊడి రోడ్డు మీద వడ్డది. తేలేదు" అని నా ముఖం చూసింది.

వారం కింద కొన్న చెప్పులు. నోటి దాకా వచ్చింది మాట. మింగాను.

"మంచి పని చేసినవ్. కాళ్లు కడుక్కో పో" అన్నాను.

అది లోపలికి పోయాక నేను రోడ్డు దాకా పోయాను. తారు మీద మధ్యలో నీలం చెప్పు బోర్లా పడి ఉంది. ఏమీ కాలేదు దానికి, కొత్తదే. ఇటు చూశాను, అటు చూశాను. దూరంగా మోరీ దగ్గర ఒక టిప్పరు మెల్లగా ఎక్కుతున్నది. తేవచ్చు. ఒక అడుగు దించాను.

వెనక్కి చూస్తే కిటికీ ఊచలు పట్టుకొని పిల్ల నన్నే చూస్తున్నది.

అడుగు వెనక్కి తీసుకొని ఇంట్లోకి వచ్చేశాను.