సందెపొద్దున ఆరని లాంతరు

మా మరిది పోయాడన్న కబురు నాకు బస్సులో తెలిసింది. ఆ గురువారం మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరుకు తిరిగి వస్తున్నాను. ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన ఇరుక్కుని ఉన్నాను. ఒళ్ళో ప్రసాదం పొట్లం. మా ఆయన ఫోన్ చేసి, "యాడ ఉండావు?" అన్నారు. ఇంకా సగం దారిలో ఉన్నానన్నాను.  "తమ్ముడు పోయినాడు," అన్నారు.

బస్సు ఆగి ఆగి పోతోంది. దిగి పరుగెత్తలేను, కూర్చోలేను. పక్కనున్న ఆమె, "ఏమైందమ్మా?" అని అడిగితే, "ఏం లేదు," అన్నాను. నాకు అలవాటైన మాట అదొక్కటే.

పదకొండో రోజు భోజనాలయ్యాక బంధువు ఒకామె నా చేయి పట్టుకుని, "తొమ్మిదేండ్లు ఆ కంప్యూటర్ పెట్టె ముందర ఆటలాడుకుంటా పోయినాడు. ఇంగ నీకు విడుదలమ్మా," అంది. మంచి మనసుతోనే అంది. అందరూ తలలు ఊపారు. నేను ఎదురు మాట్లాడే మనిషిని కాను. కానీ ఆ మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది. పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప నేనేమీ రాసింది లేదు. ఇప్పుడు ఆ మాటకు జవాబు చెప్పడానికే కలం పట్టాను. మా ఇంట్లో ఎప్పుడైనా ఈ కాగితాలు చదివే వాళ్ళకు మా మరిది ఆడిన ఆట ఏమిటో తెలియాలి.

మా మరిది ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో కరెంటు పని చేసేవాడు. నిచ్చెన మీది నుంచి పడ్డాక రొమ్ము కింద కదలిక, స్పర్శ పోయాయి, చేతులు మాత్రం ఆడేవి. మాది పాత మగ్గాల ఇల్లు. మధ్య గదికి కిటికీ లేదు. మిద్దె కప్పుకున్న గవాచి కంతలో నుంచి పలక అంత ఎండ నేల మీద పడి, మధ్యాహ్నానికి గోడెక్కి పోయేది. ఆయన మంచం అక్కడే. మా ఆయన పొద్దున్నే ఆదోనికి, బట్టల అంగట్లో పనికి పోతే రాత్రికి వచ్చేవారు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. రెండు గంటలకొకసారి ఆయన్ను పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. అందుకని నేను వీధి మలుపు దాటి పోయింది తక్కువ.

మిల్లులో ఆయనతో పనిచేసినాయన ఒకరు పాత కంప్యూటర్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. అందులో ఒక ఆట ఉండేది. గెలవడం, ఓడడం లేవు. మట్టి దిమ్మెలు, రాతి దిమ్మెలు తవ్వి మనకు కావలసినవి కట్టుకోవడమే. ఆడే మనిషి కనబడడు, అతని చేయి ఒక్కటే తెర కింది మూలలో కనబడుతుంది. నేను వక్కలు కత్తిరించుకుంటూ చూసేదాన్ని.

మరిది పడిన ఎనిమిదో ఏట, గోనెగండ్లలో, నా పుట్టింట్లో, మా అమ్మ మంచాన పడింది. రమ్మని కబురు వచ్చిన రోజు మరిదికి ఒళ్ళు కాలే జ్వరం. మా ఆయన సరుకు కోసం ఊరు వెళ్ళారు. మర్నాడు నేను చేరేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. గంట ప్రయాణం అది. తిరిగి వచ్చాక వారం రోజులు నేను గదిలోకి పోయి అన్నం పెట్టాను, పక్క మార్చాను, మాట్లాడలేదు.

ఒకరోజు ఆయనే పలకరించాడు. "వదినా, ఇట్ల సూడు. ఈ ఆటలో దీపం గోడకు గుచ్చితేనే వెలుగుతాది. చేతిలో పట్టుకుంటే వెలగదు. గుహలో నాలుగడుగులు పోతే చీకటే."

ఏ దేవత నాలుక మీద కూర్చుందో తెలియదు. "నేనూ అంతే," అన్నాను. "ఈ గోడకే గుచ్చినారు నన్ను."

ఆయన మొహం తిప్పుకున్నాడు. మెడ ఒక్కటే తిప్పుకోగలడు. ఆ రాత్రి దేవుడి గూటి ముందు లెంపలు వేసుకున్నాను. కానీ అన్న మాట వెనక్కి వస్తుందా?

మర్నాడు నేను భయపడుతూ కాఫీ తీసుకుపోతే, ఆయన ఎప్పటిలాగే, "వదినా, మీ అమ్మగారింట్లో లాంతరు ఉండె గదా. వెలుగు ఎంత దూరం పడేది?" అని అడిగాడు. ఆ ఆటలో ఆడేవాళ్ళు కూడా కొత్త వస్తువులు తయారుచేసి చేర్చవచ్చునట. చేతిలో పట్టుకుని నడిచే లాంతరు చేర్చాలని ఆయన పట్టు. చదువు ఐటీఐ వరకే. ఫోన్లో వీడియోలు చూసి, రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరం కొట్టేవాడు. భుజాలు నొప్పి పుడితే నేను వేడి గుడ్డ వేసేదాన్ని. నాలుగు నెలలు లాంతరు వెలగలేదు. విసుక్కునేవాడు కాదు. "వెలుగు రాలేదంటే దేవుని మీద కోపం గాదు వదినా, వైరు సూడల్ల," అనేవాడు. మిల్లులో ఉన్నప్పటి మాట అది.

వెలిగిన రోజున ఆయన కేక విని పప్పు మాడబెట్టి పరుగెత్తాను. గుహలో లాంతరు ముందుకు పోతోంది. కానీ వెళ్ళిన దారంతా వెలుగు అట్లే ఉండిపోయింది.

"జాతర మాదిరి ఉండాదే!" అన్నాను.

"తప్పు వచ్చింది," అని నవ్వాడు. "ఎట్లంటే, కనబడని దీపమొకటి మనిషి పక్కన పెట్టల్ల. మనిషి కదిలితే దాన్ని తీసి మళ్ళా ముందర పెట్టల్ల. నేను పెడతాండా, తీసేది మరిచిపోయినా."

"అంటే మనిషి యాడికి పోతే ఆడికి ఎంబడి పడి దీపం మోయల్లనా? పాపం, ఎవరప్పా మోసేది?"

"నువ్వే," అన్నాడు. "ఎనిమిదేండ్ల నుంచి మోస్తాండావు, కనబడకుండా."

మాడిన పప్పు గుర్తొచ్చి వంటింట్లోకి పోయాను.

ఇంకో మాట చెప్పాలి. ఒక సాయంత్రం నేను దీపం పెట్టి గదిలోకి పోతే, ఆటలో కూడా పొద్దు గుంకుతోంది. ఆయన మీట నొక్కి లాంతరు ఆర్పాడు. "అయ్యో, సందెపొద్దున దీపం ఆర్పుతారా ఎవరన్నా!" అన్నాను. మా ఇళ్ళల్లో ఆ వేళ పెట్టిన దీపాన్ని ఊదరు, అది తనంతట కొండెక్కాలి.

"ఇది ఆట, వదినా."

"ఆటైతే మాత్రం?"

ఆయన రెండు రోజులు కూర్చుని, ఆటలో పొద్దు గుంకే వేళ ఎవరు ఎంత నొక్కినా లాంతరు ఆరకుండా చేసిపెట్టాడు. దాన్ని అందరూ తీసుకునేలా నెట్లో పెట్టాక ఏదో చలి దేశం మనిషి రాశాడు: సాయంత్రం మీ లాంతరు ఆరడం లేదు, తప్పును సరిచేయండి అని. మరిది చదివి వినిపించి పడీపడీ నవ్వాడు. "ఏం రాయల్ల వదినా? మా వదిన ఒప్పుకోదని రాస్తా." అట్లే రాశాడు కూడా.

లాంతరు పూర్తయ్యాక ఆయన నన్ను బయటికి పంపడం మొదలుపెట్టాడు. "ఫోన్ ఎదమీద పెట్టుకుంటా. అరగంట గుడికి పొయ్యిరా." తర్వాత గంట. తర్వాత సంత. తను ఒంటరిగా ఉండడం నేర్చుకుంటున్నాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. చివరికి, "మంత్రాలయం పొయ్యిరా," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పక్కింటి పెద్దమ్మను తనే పిలిపించి, "ఒక పొద్దు నన్ను అటూ ఇటూ తిప్పుతావా పెద్దమ్మా?" అని అడిగాడు.

"నీ అంత బరువు బియ్యం మూట దొర్లించలేదా నేను? తిప్పుతాలే," అంది ఆమె.

నేను బయలుదేరే పొద్దున ఆటలో తాను కట్టిన దారి చూపించాడు. ఎమ్మిగనూరులో మా ఇల్లు, అక్కడి నుంచి మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డు దాకా రోడ్డు. ఒక్క దీపం కూడా పెట్టలేదేమని అడిగితే, "చేతిలో ఉండాది గదా," అన్నాడు. "నువ్వు బస్సులో పో, నేను నడిచి వస్తా. ఎవరు ముందర ఏరు చేరుతారో సూద్దాం."

మధ్యాహ్నం అన్నం తిన్నాడట. "కొంచెం దూరమే ఉండాది పెద్దమ్మా," అంటూ మౌస్ పట్టుకునే ఉన్నాడట. నాలుగు గంటలకు పక్క మార్చబోతే ఊపిరి లేదు. పోకపోయి ఉంటే? పది నిమిషాల ముందే తిప్పడానికి నేను ఉండి ఉంటే? ఈ ప్రశ్నల మధ్య నేను ఇప్పటికీ ఆ కిటికీ సీట్లోనే ఇరుక్కుని ఉన్నాను.

నేను ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. గదిలో ఖాళీ మంచం, పక్కన వెలుగుతున్న తెర. బంధువుల్లో ఒకాయన, "శవం వాకిట్లో పెట్టుకుని ఈ ఆటేంది? ఆర్పేయండి," అంటూ చేయి చాపాడు.

"సందెపొద్దు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఉండనీండప్పా."

ఆ బంధువు చేయి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు చూశాను. రోడ్డు అయిపోయింది. ముందర ఏరు. తెర కింది మూలలో ఆ చేయి, చేతిలో లాంతరు, ఆ వెలుగు నీళ్ళ మీద పడి ఉంది. నాకంటే ముందు చేరాడో వెనక చేరాడో తెలియదు. చేరాడు.

ఈ కాగితాలను దేవుడి గూట్లో, ఆయనకు ఇవ్వలేకపోయిన ప్రసాదం పొట్లం కింద పెడుతున్నాను. దొరికిన వాళ్ళు చదివితే చదవండి, కానీ బయట ఎవరికీ చూపకండి. అక్కడే ఉంచండి. సాయంత్రం దీపం పెట్టినప్పుడు ఆ వెలుగు వాటి మీద కాసేపు పడుతుంది.