అతుకు ఆరే రోజు

సింహాసనాలెక్కినవారూ వాటి మీదనుంచి దిగిపోయినవారూ కాలగర్భంలో కలిసిపోయినా, మనిషికి కూర్చోవలసిన అవసరం ఏ యుగంలోనూ తీరలేదు గనుక, విరిగిన ఆసనాన్ని మళ్ళీ నిలబెట్టే చేతుల అవసరమూ తీరలేదు. ఆ అనాది పరంపరకు మన కాలంలో వారసురాలై, ఇరుకు వీధి మలుపులో మామగారు విడిచివెళ్ళిన దుకాణంలో ఉలి పట్టి నిలిచిన ఇల్లాలిని ఊరంతా కుర్చీలమ్మ అని పిలిచేది.

జిగురు పెట్టి, అతుకు కదలకుండా క్లాంపులు బిగించిన కుర్చీని మర్నాటిదాకా బ్రహ్మదేవుడు దిగివచ్చి అడిగినా ఆమె ఇచ్చేది కాదు. దాని మెడలో మామగారి కాలంనాటి అట్ట ఒకటి వేలాడేది: ‘అతుకు ఆరుతోంది. కదపవద్దు.’ పాటల మాస్టారు ఒకసారి ఆమె కన్నుగప్పి తన కుర్చీ పట్టుకుపోయారు. పిల్లల ఎదుట ఆరోహణ పూర్తికాకముందే ఆయనకు అవరోహణ జరిగింది.

ఇల్లు దుకాణం పైన, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. ఒకప్పుడు దుకాణం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అత్తగారికి కాళ్ళు పడిపోయి, కిందికి దిగడం ఏనాడో ఆగిపోయింది. ఇప్పుడు చూపూ మసకబారుతోంది.

“పూర్తిగా చీకటయ్యేలోగా ఒక్కసారి మన కొట్టు చూస్తే చాలే అమ్మాయ్,” అన్నదామె ఒకనాడు.

ఆవిడ కొడుకు, అంటే కుర్చీలమ్మ భర్త, బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి స్టీరింగు ముందు కూర్చుని వెన్ను పాడుచేసుకున్నవాడు. మోయడానికి మనుషులను పిలుస్తానన్నాడు.

“పరాయివాళ్ళు నన్ను బీరువాలా దించుతారట్రా? అక్కర్లేదు!”

“అయితే నేనే దించుతాను అత్తయ్యా,” అన్నది కోడలు.

అన్నమాట నిలుపుకోవడానికి ఇసుక సంచి వీపున కట్టుకుని రోజూ పొద్దున్నే మెట్లెక్కి దిగడం మొదలుపెట్టింది. మసకబారే కళ్ళు ఎవరి కోసమూ ఆగవు కదా అని, ఒక్క పూటైనా మానకుండా సంచిలో ఇసుక పెంచుతూ పోయింది. మొదట్లో ఒళ్ళు మాట విన్నది, తరువాత మొరాయించింది. దుకాణంలో ఉలి గీత తప్పింది. అది బద్ధకమనుకుని మరో దోసెడు ఇసుక పోసింది.

“బస్సునైనా వారానికోరోజు షెడ్డులో పెడతారే!” అన్నాడు భర్త.

“బస్సుకి అత్తగారు లేరుగా!”

ఒక ఉదయం రెండో అంతస్తు మలుపులో మోకాలు మడతపడింది. సంచి పిగిలి, ఇసుక మెట్లమీదుగా జలజలా జారిపోయింది. డాక్టరు చూసి, ఏదీ విరగలేదనీ, తెరిపి లేక కండరాలు అలిసిపోయాయనీ, కొన్నాళ్ళు కదపవద్దనీ చెప్పాడు.

“ఆగితే ఇన్నాళ్ళ కష్టమంతా పోతుంది అత్తయ్యా. మీ చూపు చూస్తే…” కోడలు ఏడ్చేసింది.

అత్తగారు కొడుకును పిలిచి, దుకాణంలోని అట్ట తెప్పించి, తడుముకుంటూ కోడలి మెడలో వేసింది.

“ఏమిటిది అత్తయ్యా!”

“చదువు. నాకెటూ కనబడదు.”

చదివింది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

“అతుక్కి బలం జిగురు పూసినప్పుడు కాదు, కదపకుండా వదిలేసినప్పుడు వస్తుందనేవారు మీ మామగారు. కర్రకి చేసే మర్యాద నీ ఒంటికి చెయ్యవేం? పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలే పిచ్చిదానా.”

పాదం చివర ఊపిరి తీసుకోనివ్వని పద్యం ఎంత గొప్పదైనా గొంతు దాటదు. పగటికి రాత్రిని జతచేసిన సృష్టికర్త సోమరి కాడు. ఈ సత్యాన్ని వినడం తేలిక, పాటించడం దుష్కరం. మోకాలు కుదుటపడ్డాక ఆమె ఒకనాడు మెట్లెక్కి, మరునాడు అట్ట మెడలో వేసుకుని అత్తగారి జడ అల్లుతూ కూర్చునేది. కాళ్ళు మెట్లకేసి లాగేవి, మనసు తొందరపెట్టేది. అయినా లేవలేదు. బరువు మోసినప్పటికంటే, దించి కూర్చోగలిగినప్పుడే ఆ ఇల్లాలి ధీరత్వం నిండుగా కనిపించింది. క్రమంగా, మునుపు మోకాలు మడిచిన బరువే ఆమె వీపున ఒదిగి కూర్చుంది.

అనుకున్న రోజు వచ్చింది. ముందునాడు ఆమె సంచి ముట్టలేదు. పొద్దున్నే అత్తగారిని దుప్పటితో వీపున కట్టుకుంది. భర్త కుర్చీ పట్టుకుని ముందు నడిచాడు; ప్రతి మలుపులోనూ అది వేయడం, ఇద్దరూ సేదతీరడం, మళ్ళీ దిగడం.

“బరువున్నానా?”

“ఇసుక మాట్లాడదు అత్తయ్యా, అంతే తేడా.”

దుకాణంలో తన పాతచోట కూర్చుని, ముసలావిడ బల్ల అంచు నిమిరింది. కళ్ళు చికిలించి గోడకేసి చాలాసేపు చూసింది.

“ఆయన సుత్తి ఇంకా ఆ మేకుకే ఉందే!”

కోడలు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

“మరి పైకెప్పుడే?”

“సాయంత్రం. అందాకా మిమ్మల్నీ కదపను, నేనూ కదలను,” అంటూ ఆమె అట్ట తీసి దుకాణం తలుపుకే తగిలించింది.

ఆ మోకాళ్ళకు సత్తువనూ, ఆ కళ్ళకు వెలుగునూ, ఆ వెన్నుకు ఉపశమనాన్నీ పరమాత్మ ప్రసాదించుగాక. ఆ ఇంట శ్రమా విశ్రాంతీ అక్కచెల్లెళ్ళవలె చేయి చేయి పట్టుకుని మెలగుగాక. ఆ ముగ్గురినీ కలిపిన అతుకు ఎన్నటికీ వీడకుండుగాక.